సేవ పేరుతో జీతం ఎగ్గొట్టొద్దు

సంపాదకులకు,

మా చర్చి ఆవరణలోని బడిలో ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పాను. క్రిస్మస్‌కి పేదలకు దుప్పట్లు పంచడానికి కమిటీ దగ్గర ఎప్పుడూ డబ్బుండేది. వేసవి సెలవుల జీతం అడిగితే మాత్రం ‘ఇది దేవుని సేవ కదమ్మా’ అనేవారు. (కిరాణా కొట్టాయన అలా అనడు మరి!) కూలివాడి కూలి పొద్దు గుంకకముందే ఇవ్వాలని బైబిల్లోని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఉంది. ఫీజుల రాబడిలో సగం సిబ్బంది జీతాలకే పెట్టాలని ప్రైవేటు బడులపై ప్రభుత్వం ఇచ్చిన 1994 నాటి జీవో 1 కూడా చెప్పింది. ప్రైవేటు బడుల టీచర్లకూ గ్రాట్యుటీ (ఉద్యోగం ముగిశాక సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) హక్కుందని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. నాకది ఇంకా అందలేదు. ఆదివారం కానుకల లెక్క చదివినట్టే టీచర్ల జీతాల లెక్క కూడా చర్చి సంఘం ముందు చదవాలి.

— ఓ రిటైర్డ్ టీచర్, గుంటూరు