వార్షిక నివేదిక: హైదరాబాద్ పార్కులు, చెరువుల యాత్రలు, మన పార్కు పనులు

సభ్యులందరికీ నమస్కారం.

గడిచిన ఏడాది మన నల్లగొండ ఉదయ నడక సంఘం పనుల్లో పెద్దపాలు హైదరాబాద్ యాత్రలదే. లెక్కల పట్టిక విడిగా జతచేశాం. ఈ నివేదికలో ఎక్కడికి ఎట్లా పోవాలి, ఎక్కడ ఏది బెడిసికొడుతుంది, ఎందుకు అన్నదే రాస్తున్నాం. వచ్చే ఏడాది కొత్త సభ్యులు యాత్ర నడిపినా ఇది చేతికి అందాలి.

కార్యవర్గం తేల్చుకున్న నియమం ఇది: ఒక రోజుకు ఒక దిక్కు, ఒక దిక్కుకు రెండు చోట్లు. నల్లగొండ నుంచి ఎల్బీనగర్ దాదాపు 100 కిలోమీటర్లు. బస్సులో రెండు, రెండున్నర గంటలు పడుతుంది. అక్కడి నుంచి నగరం పడమటి కొస చేరాలంటే పొద్దున రద్దీలో ఇంకో గంటన్నర. ఐదు చోట్లు రాసుకుని బయల్దేరితే మూడు కిటికీలోంచి చూసి రావాల్సిందే. మూడో చోటు కావాలని పట్టుబట్టే సభ్యులు ప్రతిసారీ ఉంటారు, వారికి ముందే చెప్పి ఒప్పించాలి.

తోవలో ఉన్న వనం

మనకు అన్నిటికన్నా దగ్గరిది మహావీర్ హరిణ వనస్థలి. విజయవాడ రహదారి మీద ఎల్బీనగర్ చౌరస్తా రాకముందే తగులుతుంది. 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా ఆ పేరు పెట్టారు. 1994లో జాతీయ పార్కు అయింది. విస్తీర్ణం 1,459 హెక్టార్లు, అంటే దాదాపు 3,600 ఎకరాలు. ఇంత దగ్గర ఉండీ మన జిల్లా వాళ్ళు దాన్ని దాటుకుని జూకు పోతారు, అదే విచిత్రం.

ఇక్కడ చూడాల్సింది కృష్ణజింక. ఎదిగిన మగదానికి వీపు నలుపు, కడుపు తెలుపు, కొమ్ములు మరమేకులా మెలితిరిగి ఉంటాయి. ఆడది లేత గోధుమ రంగు, కొమ్ములు ఉండవు. ఒంటి నిండా తెల్ల చుక్కలుంటే అది దుప్పి. ఎండ ఎక్కితే జింకలు దొంకల నీడకు చేరతాయి. కాబట్టి గేటు తెరిచే వేళకే అక్కడ ఉండాలి, అందుకు బస్సు నల్లగొండలో తెల్లవారుజామున 5 గంటలకు కదలాలి. గుంపుగా ముచ్చట్లు పెట్టుకుంటూ నడిస్తే జింక తోక కూడా కనబడదు. ఐదారుగురు ఒక జట్టుగా, జట్టుకూ జట్టుకూ వంద అడుగుల ఎడంతో నడవాలి. పది మందికి ఒక దుర్భిణి చాలు. ఎర్రవి, మెరిసేవి వేసుకోకుండా మట్టిరంగు బట్టలు వేసుకుంటే మంచిది.

జూ, మీర్ ఆలం చెరువు

నెహ్రూ జూ పార్కు 1963 అక్టోబరు 6న తెరిచారు. సుమారు 380 ఎకరాలు. సోమవారం సెలవు. స్కూలు పిల్లలకు సోమవారం సెలవు దొరికిందని అదే రోజు బస్సు మాట్లాడుకున్న వాళ్ళు గేటు చూసి తిరిగొస్తుంటారు. మనవైపు నుంచి చంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా పోతే పాతబస్తీ ఇరుకు తప్పుతుంది. మోకాళ్ళ నొప్పులున్న వారు లోపలికి పోగానే బ్యాటరీ బండి టికెట్ తీసుకోవాలి. సగం నడిచాక అలసిపోయి వెతికితే ఖాళీ బండి దొరకదు. ప్లాస్టిక్ సంచులు రానివ్వరు, సద్ది స్టీలు డబ్బాల్లోనే పెట్టుకోవాలి.

జూను ఆనుకునే మీర్ ఆలం చెరువు ఉంది. దాని కట్టలో 21 అర్ధవృత్తాకార కమానులు వరసగా ఉంటాయి. ఒక్కో కమాను నీళ్ళవైపు ఉబ్బి ఉంటుంది. నీటి ఒత్తిడి కమాను వంపు వెంట పక్కలకు జారి మధ్యనున్న దిమ్మెల మీద పడుతుంది, రాయి నొక్కుడుకు గట్టిది కనుక తట్టుకుంటుంది. రెండు వందల ఏళ్ళు దాటినా నిలబడి ఉన్న ఆ కట్టను జూకు వచ్చిన వారిలో ఎక్కువమంది చూడనే చూడరు.

హుస్సేన్ సాగర్ దిక్కు

ఈ దిక్కుకు బస్సు కన్నా రైలు మేలు. నల్లగొండలో సికింద్రాబాద్ రైలెక్కి, అక్కడి నుంచి ఆటోలో సంజీవయ్య పార్కుకు పోవచ్చు. ఆ పార్కు చెరువు ఉత్తరపు గట్టున 92 ఎకరాల్లో ఉంది. నీడ బాగుంటుంది, సద్ది విప్పడానికి అదే తగిన చోటు. లుంబినీ పార్కు చిన్నది, బుద్ధుడి దగ్గరకు పడవ ఎక్కడానికి తప్ప అక్కడ గంటకు మించి ఉండాల్సిన పని లేదు. గాలి లేస్తే పడవలు ఆపేస్తారు. వానాకాలం సాయంత్రాలు ఇది మామూలే, అందుకే పడవ పని పొద్దున్నే ముగించాలి.

చెరువు 1562 నాటిది. నడుమనున్న బుద్ధుడి ఏకశిలా విగ్రహానికి రాయి మన పాత నల్లగొండ జిల్లా రాయగిరిది. 1990 మార్చి 10న విగ్రహాన్ని తరలిస్తుంటే పడవ ఒరిగి అది నీళ్ళలో పడింది. పైకి తీసి నిలబెట్టింది 1992 డిసెంబరు 1న. పిల్లలను తీసుకుపోయినప్పుడు ఈ సంగతి పడవలోనే చెప్పండి, నీళ్ళను చూస్తూ వింటే మనసుకు పడుతుంది.

వాసన గురించి సభ్యులు అడిగారు. నాలాల మురుగు చేరిన నీటిలో పాచి విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు అయిపోయి దుర్వాసన వస్తుంది. పడమటి గాలి వీచే రోజుల్లో ఆ పాచి ట్యాంక్‌బండ్ వైపు చేరుతుంది. అటువంటి రోజు నెక్లెస్ రోడ్డు వైపు నడవడం మేలు.

పడమటి కొస

కేబీఆర్ పార్కు, దుర్గం చెరువు ఒక జత. బస్సును ఎల్బీనగర్‌లో నిలిపి మెట్రో ఎక్కాలి. అమీర్‌పేటలో లైను మారి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగితే కేబీఆర్. తిరిగి అదే లైనులో దుర్గం చెరువు స్టేషన్. కేబీఆర్ 1998 డిసెంబరులో జాతీయ పార్కు అయింది, దాదాపు 390 ఎకరాలు. నడిచేవారికి గేటు ఉదయం, సాయంత్రం వేళల్లోనే తెరుస్తారు. ఎల్బీనగర్ నుంచి మెట్రోలో వెళ్ళే మనం ఆలస్యం చేస్తే ఉదయపు వేళ దాటిపోతుంది. మెట్రోలో తినకూడదు, పార్కులోకి తిండి పట్టుకుపోకూడదు. అందుకని టిఫిన్ ఎల్బీనగర్‌లో బస్సు దగ్గరే ముగించాలి. సద్ది మూటలన్నీ బస్సులో వదిలి మెట్రో ఎక్కితే మధ్యాహ్నానికి మూటలొక దిక్కు, మనుషులొక దిక్కు. దుర్గం చెరువు సాయంత్రానికి పెట్టుకోవాలి, 2020 సెప్టెంబరు 25న తెరిచిన తీగల వంతెన దీపాలు అప్పుడే చూడాలి.

గండిపేట (ఉస్మాన్ సాగర్), చిలుకూరు మృగవని జాతీయ పార్కు రెండో జత. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే నగరంలోకి దిగే పనే లేదు. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో గండిపేటకు, పక్కనున్న హిమాయత్ సాగర్‌కు రూపం వచ్చింది. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. తాగునీటి చెరువులు, దిగి ఈదడం కుదరదు. మెట్ల మీద పాచి జారుతుంది, పిల్లల చేయి వదలొద్దు.

ఇదే మూసీ కిందికి వచ్చి మన దగ్గర వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. మన జిల్లా కోదండపూర్‌లో శుద్ధి చేసిన కృష్ణ నీళ్ళు పైకి హైదరాబాద్‌కు పోతున్నాయి, వాడిన నీళ్ళు మూసీ దారిన మనకే దిగివస్తున్నాయి. నగరం చెరువులు బాగుపడటం మన పొలాలకూ అవసరమే.

సద్ది, నీళ్ళు, టోల్

చలికాలం మనిషికి 2 లీటర్లు, ఎండాకాలం 3 లీటర్లు. 40 మందికి చలికాలం 20 లీటర్ల క్యాన్లు నాలుగు. పులిహోరకు కిలో బియ్యానికి 150 గ్రాముల చింతపండు, నూనెకు వెనకాడొద్దు. అన్నం పూర్తిగా ఆరాకే కలపాలి, వేడిమీద డబ్బాకెత్తితే ఆవిరి పట్టి సాయంత్రానికి పాడవుతుంది. కొబ్బరి చట్నీ వద్దే వద్దు, పదింటికే పులుస్తుంది. పెరుగన్నం పాలతో కలిపి, ఒక చెంచా పెరుగే వేస్తే తినే వేళకు సరిగ్గా తోడుకుంటుంది. సంక్రాంతి తర్వాత రెండు మూడు రోజులు పంతంగి టోల్ దగ్గర హైదరాబాద్ వైపు బండ్లు బారులు తీరతాయి. ఆ రోజుల్లో యాత్ర పెట్టం.

మన పార్కు, మన కుంట

కేబీఆర్‌లో నిలిచినవి ఈ నేలకు అలవాటైన చెట్లే. మన పార్కులో కూడా వేప, కానుగ, నేరేడు, పొగడ పెట్టాలని తీర్మానించాం. పరాయి నేల చెట్టు కోనోకార్పస్ జోలికి పోం. తురాయి పూత అందమే గానీ వేళ్ళు పైపైనే పాకుతాయి, ఈదురుగాలికి కూలుతుంది. దారి పక్కన వద్దు. గుంత రెండు అడుగుల లోతు, అంతే వెడల్పు. తీసిన మట్టికి మూడో వంతు చివికిన పశువుల ఎరువు, 200 గ్రాముల వేపపిండి. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్ళు మాడతాయి, చెదలు చేరతాయి. మొదటి ఎండాకాలం వారానికి రెండుసార్లు 10 లీటర్ల చొప్పున పోయాలి. రోజూ చెంబెడు పోస్తే వేరు లోతుకు దిగదు.

కుంటలోని గుర్రపుడెక్కను నరికితే లాభం లేదు, తెగిన ముక్క మళ్ళీ మొలుస్తుంది. పూత రాకముందే వేళ్ళతో సహా లాగి, గట్టుకు దూరంగా ఎండబెట్టాలి. గట్టునే కుప్ప పోస్తే మొదటి వానకు తిరిగి నీళ్ళలోకి జారుతుంది. రాలిన గింజ బురదలో ఏళ్ళ తరబడి బతుకుతుంది కాబట్టి ఒక్క ఏడాదితో తీరే పని కాదు. మురుగు కాలువ కుంటలోకి రాకుండా మళ్ళించేదాకా ఏటా ఈ కూలి ఖర్చు బడ్జెట్‌లో ఉంటుంది.

వచ్చే ఏడాది మొదటి యాత్ర హరిణ వనస్థలికే. పేర్లు పది రోజుల ముందు, అడ్వాన్సుతో ఇవ్వాలి. బస్సు కిరాయి తలలను బట్టి పంచుతాం కనుక, పేరిచ్చి రాని వారి వంతు తిరిగి ఇవ్వడం కుదరదు. బదులు మనిషిని పంపితే అభ్యంతరం లేదు, కాకపోతే ముందురోజు సాయంత్రంలోగా చెప్పాలి.