జీఐ బిల్లు, ఆర్మీ నర్సులు

అందరికీ నమస్కారం. నిన్న అమెరికా జీఐ బిల్లు (రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన మాజీ సైనికులకు చదువు సాయం ఇచ్చిన చట్టం) మీద ఇక్కడ జరిగిన చర్చంతా మగ సైనికుల చుట్టూనే తిరిగింది. ఆడవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి.

1944 జూన్‌లో వచ్చిన ఆ చట్టంతో దాదాపు 22 లక్షల మంది మాజీ సైనికులు కాలేజీల్లో చేరారు. వాళ్లలో మహిళలు సుమారు 64 వేల మందే. ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు, ఒంటరివాళ్లకు ఖర్చులకు నెలకు 50 డాలర్లు ఇచ్చేవారు. యుద్ధంలో సైన్యంలో పనిచేసిన నర్సులకూ ఆ హక్కు ఉండేది.

వాళ్లేమీ సుఖంగా డ్యూటీ చేసి రాలేదు. ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌లో ఆస్పత్రి వార్డులంటే చెట్ల కింద వరసగా వేసిన మంచాలే. పైకప్పు లేదు. మీద బాంబులు పడుతున్నా అక్కడే కట్లు కట్టారు. తర్వాత అక్కడి నర్సుల్లో చాలామంది జపాన్ సైన్యానికి చిక్కి 1945 ఫిబ్రవరి దాకా నిర్బంధంలో ఉన్నారు.

నాకు ఎక్కువ బాధ క్యాడెట్ నర్సుల విషయంలో, అంటే యుద్ధకాలంలో ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ పొందిన నర్సింగ్ విద్యార్థినుల విషయంలో. 1943లో మొదలైన ఆ పథకంలో చేరి, నర్సుల కొరతతో అల్లాడుతున్న ఆస్పత్రులను నిలబెట్టారు. వాళ్లను మాజీ సైనికులుగా లెక్కించలేదు, జీఐ బిల్లు కింద చదువు సాయమూ అందలేదు. ఇది అన్యాయం కాదా?

మీ ఇళ్లలో మిలిటరీ నర్సింగ్ చేసిన పెద్దవాళ్లుంటే, తర్వాత ఏం చదివారో అడిగి ఇక్కడ రాయండి.