కరెంటు పోతే ఇంటి ఫోన్ ఎందుకు పోవాలి? టెలికాం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన టెలికాం శాఖ మంత్రి గారికి,

నమస్కారం. రాగి లైన్ల స్థానంలో ఫైబర్ లైన్లు వచ్చాక, కరెంటు పోగానే ఇంటి ఫోన్ కూడా మూగబోవడం ఇప్పుడు మామూలైపోయింది. ఫిర్యాదు చేస్తే కంపెనీవాళ్లు "మా లైను బాగానే ఉందండీ, మీ ఇంట్లోనే కరెంటు లేదు" అంటున్నారు. అది నిజమే. నా అభ్యంతరం కూడా అక్కడే. ఫోన్‌కి కరెంటు అందించే బాధ్యత టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి మా ఇళ్లకి మారిపోయింది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

పాత ఫోన్‌ని గోడ ప్లగ్గులో పెట్టే పని ఉండేది కాదు. మాట వెళ్లే ఆ రెండు రాగి తీగల్లోనే ఎక్స్ఛేంజి నుంచి 48 వోల్టుల డీసీ కరెంటు వచ్చేది. రిసీవర్ ఎత్తగానే తీగలో కొద్దిపాటి కరెంటు పారేది, దాన్నిబట్టి ఎక్స్ఛేంజి గుర్తించి డయల్ టోన్ ఇచ్చేది. గంట మోగించడానికి దాదాపు 90 వోల్టుల ఏసీ విడిగా పంపేవారు. దీనంతటికీ ఆధారం ఎక్స్ఛేంజి గదుల్లో వరసగా పేర్చిన లెడ్ యాసిడ్ బ్యాటరీలు, వాటికి తోడుగా డీజిల్ జనరేటర్. కరెంటు ఉన్నప్పుడు కూడా ఆ బ్యాటరీలు ఎప్పుడూ లైన్లకి కలిపే ఉండేవి. అందుకే సరఫరా పోయిన క్షణంలో నడుస్తున్న కాల్ కూడా తెగేది కాదు. ఊరంతా చీకట్లో ఉన్నా ఫోన్ మోగిందంటే దాని వెనక ఇంత ఏర్పాటు ఉంది. (కార్డ్‌లెస్ ఫోన్ సంగతి వేరు. దాని బేస్‌కి రాగి లైన్ల రోజుల్లోనూ ఇంటి కరెంటు కావాల్సిందే.)

ఫైబర్ అంటే గాజు పోగు. అది వెలుతురుని మోస్తుంది, కరెంటుని మోయదు. ఆ వెలుతురుని మళ్లీ మాటగా మార్చడానికి ఇంట్లో ఒక పెట్టె పెడతారు. ఇప్పుడు డయల్ టోన్ ఇచ్చేదీ గంట మోగించేదీ ఎక్స్ఛేంజి కాదు, ఆ పెట్టె. దానికి ప్రాణం గోడకున్న చిన్న అడాప్టర్. కరెంటు పోతే లైట్లు ఆరిపోతాయి, ఫోన్ చచ్చిపోతుంది.

మా కింది అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడకి ఇదే జరిగింది. ఫైబర్ బిగించిన కుర్రాడు ఆమె పాత ఫోన్‌నే కొత్త పెట్టెకి తగిలించి వెళ్లాడు. ఫోన్ అదే, నంబరూ అదే. మారిందేమీ లేదనే ఆమె అనుకుంది. ఈదురుగాలికి కరెంటు పోయిన రాత్రి ఆమె రిసీవర్ చెవికి ఆనించుకుని, బటన్ నొక్కుతూ వదులుతూ ఉంది. నన్ను చూడగానే అడిగింది: "బిల్లు కట్టాను కదా, లైను ఎందుకు తీసేశారు?" ఆ రాత్రి ఆమెకి ఎవరికైనా ఫోన్ చేయాల్సిన అవసరం వచ్చి ఉంటే ఏం జరిగేదో నేను ఊహించుకోలేను.

సెల్‌ఫోన్ ఉందిగా అంటారు. టవర్‌కీ కరెంటే కావాలి, దాని బ్యాటరీ చాలాచోట్ల కొన్ని గంటలకి మించి రాదు. పైగా కరెంటు పోయినప్పుడే అందరూ ఒక్కసారిగా ఫోన్లు చేస్తారు. ఇంట్లో సిగ్నలే అందని వాళ్లున్నారు. ఆపదలో నొక్కే అలారం బటన్లు, లిఫ్టులో ఇరుక్కుంటే వాడే ఫోన్లు కొన్నిచోట్ల ఈ లైన్ల మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇతర దేశాలు ఈ సమస్యని ముందే చూశాయి. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015లో నిబంధన పెట్టి, 8 గంటలు నడిచే బ్యాకప్‌ని, తర్వాత 24 గంటలదాన్ని కూడా వినియోగదారులకి అందుబాటులో ఉంచమంది. కానీ దాన్ని వినియోగదారే కొనుక్కోవాల్సి వచ్చేది. ఆ నిబంధన గడువు 2025లో ముగిసింది. బ్రిటన్‌లో అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2018లో, ల్యాండ్‌లైనే దిక్కైనవాళ్లకి కరెంటు పోయాక కనీసం ఒక గంటసేపు ఎమర్జెన్సీ కాల్ చేసుకునే ఏర్పాటు ఉచితంగా ఇవ్వమంది. అక్కడ కూడా వృద్ధుల అలారాలు పనిచేయని సందర్భాలు బయటపడటంతో 2023 డిసెంబరులో కంపెనీలు పాత లైన్ల నుంచి కొత్త లైన్లకి బలవంతపు మార్పిడిని నిలిపాయి. 2025 చివరికి అనుకున్న పాత నెట్‌వర్క్ మూసివేత 2027 జనవరికి వాయిదా పడింది. ఆఫ్‌కామ్ చెప్పిన ఒక గంట సమయం చాలదని నా అభిప్రాయం. తుపాను గంటలో సర్దుకోదు.

ఇది అసాధ్యమైన పనేమీ కాదు. ఇళ్లకి ఫైబర్ ఇచ్చే సాధారణ పద్ధతిలో ఎక్స్ఛేంజికీ ఇంటికీ మధ్య, ఒక ఫైబర్‌లోని వెలుతురుని పలు ఇళ్లకి పంచే స్ప్లిటర్లకి కరెంటే అక్కర్లేదు. ఎక్స్ఛేంజి తన బ్యాటరీల మీద నడుస్తూనే ఉంటుంది. ఆగిపోయేది ఇంట్లోని పెట్టె ఒక్కటే. అది వాడేది చిన్న ఎల్‌ఈడీ బల్బంత కరెంటు, అంటే చిన్న బ్యాటరీతోనే గంటలకొద్దీ నడుస్తుంది. బ్యాటరీ మీదికి వచ్చినప్పుడు ఇంటర్నెట్ ఆపేసి మాట మాత్రమే ఉంచితే ఇంకా ఎక్కువసేపు వస్తుంది. కేబుల్ టీవీ లైన్ల ద్వారా వచ్చే ఫోన్ల సంగతే కష్టం. వాటికి దారిపొడవునా సిగ్నల్ బలం పెంచే ఆంప్లిఫయర్లు ఉంటాయి, వాటికి కరెంటు ఆగితే ఇంట్లో బ్యాటరీ ఉన్నా లాభం లేదు.

కాబట్టి మిమ్మల్ని కోరేది ఇది. ఒంటరి వృద్ధులకి, ఇంట్లో వైద్య పరికరాలున్నవాళ్లకి, సెల్ సిగ్నల్ అందనివాళ్లకి కనీసం 8 గంటల బ్యాటరీని కంపెనీయే ఉచితంగా ఇవ్వాలి. మిగతావాళ్లకి అసలు ధరకి ఇవ్వాలి. బ్యాటరీలు కొన్నేళ్లకి చచ్చిపోతాయి, వాటిని మార్చే బాధ్యత కూడా కంపెనీదే కావాలి. లేకపోతే అవసరమైన రోజున అది ఖాళీ డబ్బా. టవర్లూ, వీధుల్లో ఉండే టెలికాం పరికరాల పెట్టెలూ కరెంటు లేకుండా ఎన్ని గంటలు తట్టుకోవాలో నిర్ణయించి, తనిఖీ చేయించండి. రాగి లైను తీసేసే ముందు "కరెంటు పోతే ఈ ఫోన్ పనిచేయదు" అన్న ఒక్క వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో చూపించి, చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోవాలి. ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉంటే అది చెప్పినట్టు కాదు.

రాగి లైన్ల మూసివేతకి తేదీ ప్రకటించే ఉత్తర్వులోనే ఈ షరతులన్నీ ఉండేలా చూడండి. తర్వాత చూద్దామని వదిలేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక ల్యాండ్‌లైన్ చందాదారు