ఉపాధి కూలి ఆపవద్దు: కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

ఖాతా నంబరుకు బదులు ఆధార్ నంబరును బట్టి కూలి వేసే ఆధార్ ఆధారిత చెల్లింపుల గురించి మా ఊరి ఉపాధి హామీ కూలీలు ఇచ్చిన వినతిపత్రాలకు మండలం నుంచి గానీ, జిల్లా నుంచి గానీ జవాబు రాలేదు కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను. 2024 జనవరి 1 నుంచి ఈ పద్ధతి తప్పనిసరి అయింది. ఎండలో చెరువు మట్టి తవ్విన మనిషి పేరు మస్టరులో (హాజరు పట్టీలో) ఉంది, కొలతలూ సరిపోయాయి, కూలి మాత్రం పడలేదు. జాబ్ కార్డులో ఇంటిపేరు ముందుందట, ఆధార్‌లో చివర ఉందట! ఇంకొకామె డబ్బు, వేరే పథకం కోసం ఎవరో తెరిపించిన ఖాతాలో పడింది; ఆధార్ చివరగా ఏ ఖాతాకు ముడిపడితే సొమ్ము దానికే పోతుందని ఆమెకు చెప్పినవారు లేరు. ఫీల్డ్ అసిస్టెంటు బ్యాంకుకు వెళ్లమంటాడు, బ్యాంకువారు మండలాఫీసుకు వెళ్లమంటారు, తిరిగిన ప్రతి రోజూ ఒక రోజు కూలి పోతుంది. ఆలస్యానికి రోజుకు 0.05 శాతం చొప్పున రావలసిన పరిహారం కూడా వీళ్లెవరికీ అందలేదు.

మేం వేలిముద్రలకు వ్యతిరేకులం కాము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో వేలిముద్రలు చూసి కూలి ఇచ్చే స్మార్ట్‌కార్డులపై ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. కూలి త్వరగా అందిందని, పక్కదారి పట్టే సొమ్ము తగ్గిందని అందులో తేలింది. అయితే అప్పుడు కార్డు లేనివారికి చెల్లింపు ఆపలేదు; రెండేళ్ల తర్వాత కూడా దాదాపు సగం చెల్లింపులే కార్డుల మీద జరిగాయి. ఊళ్లోనే ఉండే స్వయం సహాయక సంఘం మహిళ చేతుల మీదుగా డబ్బు ఇప్పించేలా ఆ ఏర్పాటు చేశారు. ఆ పరిశోధకులే జార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్ తప్పనిసరి చేసినప్పుడు ఏమైందో చూస్తే, అర్హులైన కొందరికి బియ్యమే అందలేదని తేలింది. ఈ రెండు ఫలితాలూ మీ శాఖకు తెలియనివి కావు. అయినా మా కూలీల మీద రెండో దారినే ఎందుకు రుద్దారు?

దయచేసి ఆధార్ కుదరనివారికి పాత పద్ధతిలో ఖాతాకే కూలి వేయించండి. ఆగిపోయిన డబ్బు పరిహారంతో సహా ఇప్పించండి. ఎవరి కూలి ఎందుకు ఆగిందో కారణం రాసి పంచాయతీ గోడకు అంటించమనండి. పని చేయించుకున్నారు కనుక కూలి ఇవ్వండి, మేం అడిగేది అంతే.

ఇట్లు,
ఉపాధి కూలీల తరఫున ఒక మేట్ (కూలీల బృందం పెద్ద)