ఉపాధ్యక్ష పదవి ఎరగా మారకూడదు

అమెరికాలో పార్టీ అధ్యక్ష అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నికల్లో వెనుకబడిన నాయకులు ఉపాధ్యక్ష అభ్యర్థిని ముందే ప్రకటించి గట్టెక్కాలని చూడడం ఆ పదవికి అన్యాయం చేయడమే. 1976లో రోనాల్డ్ రీగన్, అభ్యర్థిని ఖరారు చేసే రిపబ్లికన్ పార్టీ మహాసభకు మూడు వారాల ముందు, తన భావాలకు దూరంగా ఉన్న పెన్సిల్వేనియా సెనేటర్ ష్వైకర్‌ను ఎంచుకుని ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షుడు ఫోర్డ్ వైపున్న, మహాసభలో ఓటు వేసే ప్రతినిధులను రాబట్టబోయారు. మిసిసిపీ సంప్రదాయవాదులకు కోపం తెప్పించి, చివరకు ఫోర్డ్‌కు 1,187 ఓట్లు రాగా 1,070తో ఓడారు. 2016లో అదే పార్టీ పోటీదారు టెడ్ క్రూజ్, కార్లీ ఫియోరినాను తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించిన ఆరు రోజులకే ఇండియానా ప్రైమరీలో ఓడి బరి నుంచి తప్పుకున్నారు. అధ్యక్ష పీఠం ఖాళీ అయితే అందులో కూర్చోవలసిన వ్యక్తిని (ఫోర్డ్ స్వయంగా అలా వచ్చినవారే) ఓట్ల లెక్క కోసం హడావుడిగా ఎంచడం నన్ను కలవరపెడుతోంది. ప్రతి అభ్యర్థీ తొలి ప్రైమరీకి ముందే ముగ్గురి పేర్లు వెల్లడించాలని, ఎంపిక ఆ జాబితా నుంచే జరగాలని రెండు పార్టీలూ నియమం పెట్టాలి.