అమ్మలూ, ఆ మాట రాసే ముందు

చి. ల. సౌ. అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది. గేటు పక్క కరివేప చెట్టుకి చీడ పట్టిందని రాంబాబు కొమ్మలన్నీ కొట్టేశాడు, ఇప్పుడిప్పుడే చిగురేస్తోంది. తణుకులో ఎండలు ముందే మొదలయ్యాయి. మీ శాన్ హోసేలో మాత్రం పొద్దుటి పూట చలిగానే ఉంటుందని చిన్నాడన్నాడు. స్వెట్టరు వేసుకోకుండా కారెక్కేస్తావు నువ్వు, నాకు తెలుసు.

నీ ఫోను రాక చాలా రోజులైంది. పని ఎక్కువై ఉంటుందిలే అనుకున్నాం. మొన్న బుజ్జమ్మ పిన్ని వచ్చి, అరుగు మీద కూర్చుని, ఏదో అనబోయి ఆపేసింది. సాయంత్రం చిన్నాణ్ణి గట్టిగా అడిగితే నువ్వు పెట్టిన మెసేజీ చూపించాడు. వాణ్ణేమీ అనకు. "మా ఇద్దరి మధ్యా ఇర్రెకన్సైలబుల్ డిఫరెన్సెస్ ఉన్నాయిరా, నాన్నకి చెప్పకు" అని ఉంది అందులో.

సరే. నీకూ అల్లుడు కార్తీక్‌కీ మధ్య ఏమైందని ఇప్పుడేమీ అడగను. చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెబుదువుగాని. ఇంగ్లీషు మాస్టారి కూతురివి కనుక, 'ఎంత ప్రయత్నించినా తీరని విభేదాలు' అనే అర్థంతో విడాకుల కాగితాల్లో వాడే ఆ మాట గురించి నాలుగు ముక్కలు రాస్తాను.

ఆ పలుకుబడిలో 'డిఫరెన్సెస్' ఎప్పుడూ బహువచనమే. 'దే సెపరేటెడ్, సైటింగ్ ఇర్రెకన్సైలబుల్ డిఫరెన్సెస్' అని పేపర్లో సినిమా వాళ్ళ గురించి వేస్తుంటారు చూడు, అలాగ. ఇన్‌కంపాటిబుల్, అంటే పొసగని, అన్నప్పుడు పక్కన 'విత్' రావాలి. మా స్కూలు పిల్లలు ఎన్నిసార్లు దిద్దినా 'టు' పెట్టేవారు. యాపిల్స్ అండ్ ఆరెంజెస్ అనేది మనుషులకి పడకపోవడం గురించి కాదు, పోల్చకూడని రెంటిని పోల్చినప్పుడు అనే మాట. చాక్ అండ్ చీజ్ మనుషులకి వాడతారు. 'ద టూ సిస్టర్స్ ఆర్ లైక్ చాక్ అండ్ చీజ్' అంటే ఇద్దరి తీరూ వేరని, అంతే. ఒక ఇంట్లో ఉండలేరని కాదు. అమ్మా నేనూ అంతే కదా! ఆవిడకి ఇంటినిండా జనం ఉండాలి, నాకు పుస్తకం ఒక్కటుంటే చాలు. ఇర్రెకన్సైలబుల్ వీటన్నిటికంటే బరువైన మాట తల్లీ. సర్దుకోవడానికి చూశాం, ఇక కుదరదని తేలింది అని చెప్పే మాట అది.

లెక్కల మాస్టారు నీకు గుర్తుండాలి, సైకిలు మీద నిన్ను గుడి దాకా తిప్పేవారు. ఆయనకీ డ్రిల్లు మాస్టారికీ పడేది కాదు. ఆటల పోటీలని డ్రిల్లు మాస్టారు పదో తరగతి పిల్లల్ని చివరి పీరియడులో గ్రౌండుకి తోలుకుపోయేవారు, ఈయన స్పెషల్ క్లాసు పోయేది. ఒకరోజు వరండాలో పిల్లలందరి ముందూ మాటామాటా అనుకున్నారు. అప్పట్నుంచి ఒకరు స్టాఫ్ రూములో ఉంటే ఇంకొకరు వేపచెట్టు కింద. అటెండరు టీ రెండుచోట్లా మోయాల్సి వచ్చేది. ఒక రాత్రి లెక్కల మాస్టారు మనింటికొచ్చి, ట్రాన్స్‌ఫరుకి ఇంగ్లీషులో అర్జీ రాసిపెట్టమన్నారు. అమ్మ ఉప్మా పెట్టింది. నేను రాసి చదివి వినిపించాను. ఇర్రెకన్సైలబుల్ డిఫరెన్సెస్ దగ్గర ఆపి, అంటే ఏమిటండీ అన్నారు. ఎవరెంత చెప్పినా, ఎంత ప్రయత్నించినా తీరని పేచీలు అన్నాను. ఆయన ప్లేటు కింద పెట్టేసి చాలాసేపు మాట్లాడలేదు. "మాకెవరూ చెప్పలేదు కదండీ. నేనూ ఆయన దగ్గరకెళ్ళి ఒక్కమాట అడగలేదు. లేనిదాని కింద సంతకం ఎలా పెట్టమంటారు?" అన్నారు. అది కొట్టేసి 'వియ్ డు నాట్ గెట్ ఎలాంగ్', మాకు పడటం లేదు, అని రాశాను. దాని కింద పెట్టారు సంతకం. ట్రాన్స్‌ఫరు వచ్చింది, పాలకొల్లు వెళ్ళిపోయారు. ఆ ఇద్దరూ తర్వాత కూడా కలవలేదు. అయినా కలం పట్టుకుని ఆగిన ఆ మనిషంటే నాకు ఇప్పటికీ గౌరవం.

వాకింగులో ప్లీడరు గారిని మాటవరసకి అడిగాను. నీ పేరెత్తలేదు. కాలిఫోర్నియాలో 1970 జనవరి 1 నుంచీ ఈ మాటే విడాకుల చట్టంలో ఉందట. తప్పెవరిదని కోర్టు అడగదట. ఫారంలో గడి దగ్గర టిక్కు పెట్టడమే, ఆపైన కనీసం ఆరు నెలలు ఆగాలట. మన 1955 హిందూ వివాహ చట్టంలో ఈ కారణం లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే విడాకులకి 13-బి సెక్షను ఉంది, 1976లో చేర్చారు. ఏడాది విడిగా ఉండి అర్జీ వేయాలి, వేశాక మళ్ళీ ఆరు నెలలు. తగిన కేసుల్లో ఆ ఆరు నెలలు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది. ఇక అతకదని తేలిన పెళ్ళిని రాజ్యాంగం 142వ అధికరణం కింద రద్దు చేయవచ్చని 2023 మేలో అంది కానీ, ఆ అధికారం సుప్రీంకోర్టుకే. ఇంకొకటి జాగ్రత్తగా విను. 1975లో తిరుపతిలో పెళ్ళయిన జంటలో భర్త మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుంటే, 1991లో మన సుప్రీంకోర్టు అది ఇక్కడ చెల్లదంది. భార్య ఆ కోర్టుకి ఒప్పుకోలేదు, వాళ్ళు చూపిన కారణం మన చట్టంలో లేదు. ఇద్దరూ ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే సంగతి వేరు. కనుక అక్కడ గడిలో టిక్కు పెట్టినంత మాత్రాన అన్నవరంలో కట్టిన తాళి సంగతి తేలిపోతుందనుకోకు. ఎవరో స్నేహితురాలు చెప్పిందని కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు.

కార్తీక్ నీ మీద చెయ్యి చేసుకున్నాడా? అదే అయితే పైన రాసిందంతా వదిలెయ్. అది డిఫరెన్స్ కాదు, దానికి ఏ మాట సరైనదో వెతకక్కర్లేదు. 911కి ఫోను చెయ్యి, చిట్టి వాళ్ళింటికి వెళ్ళిపో, టికెట్టు నేను కొంటాను. అలాంటిదేమీ లేక, ఆఫీసు వేళలూ వంటపనీ మీ అత్తగారి ఫోన్లూ అయితే, ఇద్దరూ టీవీ కట్టేసి ఎదురెదురుగా ఒక్కసారైనా కూర్చున్నారా? అక్కడ కౌన్సెలర్లు ఉంటారు కదా, వెళ్ళారా? వెళ్ళాక కూడా కుదరలేదని నువ్వంటే ఆ మాట రాసుకునే హక్కు నీది. నేను అడ్డు చెప్పను. ఊళ్ళో వాళ్ళకి జవాబు నేను చెప్పుకుంటాను, అమ్మకి కూడా. నీ గదిలో ఫ్యాను శబ్దం చేస్తోందని మొన్ననే కొత్తది వేయించాను.

రాత్రిళ్ళు అన్నం మానేసి కాఫీతో సరిపెట్టకు, నీకు గ్యాసు చేస్తుంది. నీకు శనివారం పొద్దున ఖాళీ ఉంటుంది, అప్పుడు మాకు రాత్రి. అమ్మ నిద్రపోయినా నేను మేలుకునే ఉంటాను, నా నంబరుకే చెయ్యి.

మీ నాన్న

తా.క. బీరువాలో నీ పాస్‌పోర్టు జెరాక్స్ చూశాను. గడువు దగ్గర పడుతోంది. ఆఖరి దాకా ఉంచకుండా ఈ నెలలోనే రెన్యువల్‌కి పెట్టు.