నీ టీమ్ స్లైడ్ చూశాక

చిన్నా,

మీ కొత్త కంపెనీ గురించి ఇన్వెస్టర్లకి చూపించడానికి చేసి నువ్వు పంపిన పీపీటీ నిన్న రాత్రి రెండుసార్లు చూశా. టీమ్ స్లైడ్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయా. నాలుగు ఫోటోలు, నలుగురూ చేతులు కట్టుకుని ఒకేలా నవ్వుతున్నారు, సీఈఓ, డబ్బు లెక్కలు చూసే సీఎఫ్ఓ, బిజినెస్ డెవలప్‌మెంట్ చూసే ఆయన, సైన్స్ అంతా చూసే సీఎస్ఓ అంటూ నువ్వు. నీ పేరు కింద ఆ హోదా చూసి మురిసిపోయాలే, కాదనను. "ఎలా ఉందమ్మా" అని అడిగావు కదా, ఫోన్లో చెప్తే మాటమాటకీ అడ్డం పడతావు, అందుకే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

నేను మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళు బూజుతోనే బతికినదాన్ని. చిన్నప్పుడు డ్యూటీ నుంచి రాగానే నా మీదకి దూకబోయి, ముక్కిన వాసన వస్తోందని ముక్కు మూసుకునేవాడివి గుర్తుందా? ఇప్పుడు అదే బూజుని ట్యాంకుల్లో పెంచే కంపెనీ పెడుతున్నావు, చూడు మరి.

నీకెప్పుడూ చెప్పని ఒక రాత్రి సంగతి చెప్తా. ఏ కంపెనీ అన్నది వదిలెయ్. బూజు పెంచి పెన్సిలిన్ మందు తీసే బ్యాచ్, మూడో రోజు, పెద్ద ట్యాంక్ నుంచి శాంపుల్ వచ్చింది. ఒక చుక్క గాజు పలక మీద పెట్టి, బ్యాక్టీరియా కనపడేలా గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే బూజు దారాల మధ్య సన్నసన్న పుల్లల్లా బ్యాక్టీరియా, ఎక్కువేం లేవు, ఒక్కో చూపుకి రెండో మూడో. పెన్సిలిన్ నిండా ఉన్న ట్యాంక్‌లో అవి హాయిగా తిరుగుతున్నాయంటే అర్థం ఏంటో నీకు చెప్పక్కర్లేదు, పెన్సిలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ వాటి దగ్గర ఉన్నట్టే, మనం ఒక పక్క చేస్తుంటే అవి ఇంకో పక్క పాడుచేస్తుంటాయి. ప్రొడక్షన్‌కి ఫోన్ చేశా. "శాంపుల్ తీసేటప్పుడు పడుంటాయి మేడమ్, మళ్ళీ తీయిస్తాం" అన్నారు. మళ్ళీ తీశారు, మళ్ళీ అవే. ఆపండి అన్నా. ఎవరూ ఆపలేదు, ఎందుకంటే ఆపించే పవర్ నాకు లేదు, మా ల్యాబ్ హెడ్‌కీ లేదు, ఆయన రిపోర్ట్ చేసేది ప్రొడక్షన్ హెడ్‌కే, ఆ హెడ్‌కి నెలాఖరు టార్గెట్ ఉంది. రాత్రంతా షుగర్ ఫీడ్ వెళ్తూనే ఉంది, గాలి కొడుతూనే ఉన్నారు. మర్నాడు మధ్యాహ్నానికి పీహెచ్ మొత్తం అడ్డం తిరిగాక అప్పుడు స్టీమ్ పెట్టి చంపి కాలవకి వదిలారు. లాగ్ బుక్‌లో రాత్రి 2.10కి నా రాత ఉంది, "కడ్డీల్లాంటి బ్యాక్టీరియా కనిపించాయి, ప్రొడక్షన్‌కి చెప్పాను" అని. దాని పక్కన సంతకం పెట్టాల్సిన గడి ఖాళీగానే ఉండిపోయింది. ఇన్నేళ్ళైనా ఆ ఖాళీ గడి నాకు కళ్ళ ముందే ఉంటుంది రా.

కాబట్టి నేనడిగేది ఒక్కటే, మీ నలుగురిలో బ్యాచ్ ఆపించేది ఎవరు? నువ్వని చెప్పకు, నువ్వు పెంచిన బూజు రకం మీద నీకు ప్రేమ, మొదట సమర్థించేది నువ్వే. సీఈఓ ఇన్వెస్టర్‌కి డేట్ చెప్పేసి ఉంటాడు. మిగతా ఇద్దరికీ మైక్రోస్కోప్‌లో ఏం చూడాలో తెలీదు, అది వాళ్ళ తప్పు కాదనుకో.

మీ సీఈఓ సైన్స్ చదవలేదని నువ్వు తెగ మొహమాటపడ్డావు చూడు, అది నాకసలు పట్టింపే లేదు. బూజు దారాలతో లెదర్ లాంటి మెటీరియల్ చేసే మైకోవర్క్స్ పెట్టిన ఇద్దరిలో ఫిల్ రాస్ ఆర్టిస్ట్, సోఫియా వాంగ్ ఇంగ్లీష్ లిటరేచర్‌లో పీహెచ్‌డీ. తర్వాత సీఈఓగా వచ్చిన మాట్ స్కలిన్ మెటీరియల్స్ సైంటిస్ట్. బూజుతోనే మెటీరియల్స్ చేసే ఎకోవేటివ్ వాళ్ళయితే 2007లో కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన కుర్రాళ్ళు, ఈబెన్ బేయర్, గావిన్ మెకింటైర్. బేయర్‌కి ఆ ఐడియా ఎక్కడిదనుకున్నావు, వెర్మాంట్‌లో వాళ్ళ ఫార్మ్‌లో చెక్క పొట్టు పారతో తోడుతుంటే బూజు పట్టి ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దలా లేచొచ్చాయట. చేత్తో పట్టుకుని చూసినవాడికి వచ్చే జ్ఞానం అది. మీ స్లైడ్‌లో నాకు కనపడనిది అదే.

పెన్సిలిన్ కథే తీసుకో. 1945లో నోబెల్ ఫ్లెమింగ్‌కి, ఫ్లోరీకి, చెయిన్‌కి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో గిన్నెలు చాలక హాస్పిటల్ బెడ్‌పాన్లలో బూజు పెంచి, దాన్లోంచి మందు ఎలా తీయాలో దారి కనిపెట్టిన నార్మన్ హీట్లీకి ఏమీ రాలేదు. 1990లో గానీ ఆక్స్‌ఫర్డ్ ఆయన్ని గుర్తించి గౌరవ డాక్టరేట్ ఇవ్వలేదు. నువ్వేదో అవార్డుల కోసం చేస్తున్నావని కాదు, మీ కంపెనీలో హీట్లీ ఎవరో నీకిప్పుడే తెలిసుండాలి అంటున్నా.

ఫైజర్ వాళ్ళ సంగతి ఇంకా బాగుంటుంది. బూజుతో సిట్రిక్ యాసిడ్ చేయడం వాళ్ళకి 1919 నుంచీ అలవాటు. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో జాస్పర్ కేన్ అనే కెమిస్ట్, పెన్సిలిన్‌ని సీసాల్లో పైపైన కాకుండా లోతు ట్యాంకుల్లోనే పెంచుదాం అన్నాడు. పెద్ద రిస్క్, ఆ బూజు బీజాలు గాల్లోకి లేస్తే పాత సరుకుల ట్యాంకులు కూడా పాడవుతాయి. ఆ కంపెనీలో పైనున్న జాన్ స్మిత్‌కి ఈ బూజు మీద భ్రమలేం లేవు, ఒపెరా పాడేవాళ్ళంత పేచీ అన్నాడట దీన్ని. అయినా సరే అన్నాడు. జాన్ మెకీన్ అనే ఇంజనీర్ బ్రూక్లిన్‌లో పాత ఐసు ఫ్యాక్టరీని మార్చేసి 14 ట్యాంకులు పెట్టాడు, ఒక్కోటి 7,500 గ్యాలన్లు, 1944 మార్చి 1న మొదలైపోయింది. చూశావా, ఐడియా ఇచ్చినవాడొకడు, సరే అన్నవాడొకడు, పైపులు బిగించినవాడొకడు. మీ దాంట్లో మూడోవాడు ఏడి? ప్లాంట్ హెడ్‌ని సిరీస్ ఏ, అంటే ఇన్వెస్టర్ల నుంచి పెద్ద డబ్బు వచ్చాక చూసుకుంటాం అని కింద చిన్నక్షరాల్లో రాశారు, అప్పటికి డ్రాయింగ్స్ అన్నీ అయిపోతాయి, వాల్వ్ ఎక్కడ పెట్టాలో, ఏ మూల స్టీమ్ అందదో వచ్చాక ఆయన చెప్పి ఏం లాభం.

ఇంకోటి, పదకొండో స్లైడ్‌లో ఫెర్మెంటర్, అదే బూజు పెంచే ట్యాంక్, నెలల తరబడి నాన్‌స్టాప్‌గా నడుస్తుందని రాశారు. అది నువ్వు రాసిందేనా? మాంసం బదులు తినే క్వోర్న్‌ని చేసే ఫ్యుసేరియం అనే బూజు ఉంది కదా, 1985 నుంచి అమ్ముతున్న సరుకు, దాన్నే వెయ్యి గంటలు దాటాక గుబురుగా కొమ్మలేసే మ్యూటెంట్లు, అంటే దాన్లోంచే మారిపోయిన రకాలు, మింగేస్తాయి, రన్ ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. నెలన్నర కూడా కాదది. నీకు తెలిసే ఉంటుంది, మరి మీటింగ్‌లో ఎందుకు నోరు మెదపలేదు? లేకపోతే అన్నావేమో, వాళ్ళు వినలేదేమో, అదీ చెప్పు నాకు.

సీఎఫ్ఓ అమ్మాయి మాత్రం నాకు నచ్చింది, ఆమె వేసిన ఖర్చుల షీట్‌లో ఫెయిలయ్యే బ్యాచ్‌లకి ఒక లైను పెట్టింది, మిగతావాళ్ళెవరికీ తట్టలేదు. బోల్ట్ థ్రెడ్స్ వాళ్ళు మైలో అనే బూజు లెదర్‌ని పెద్దపెద్ద బ్రాండ్లు వెనకున్నా డబ్బులు అందక 2023లో ఆపేశారు. ఆ అమ్మాయి మాట వినండి.

క్వాలిటీకి ఒక మనిషిని తీసుకో, ప్రొడక్షన్ కింద పెట్టకు, నేరుగా బోర్డుకే రిపోర్ట్ చేసేలా పెట్టు, ఐదో ఫోటో ఆ మనిషిదే అవ్వాలి. దొరకకపోతే నా పాత కొలీగ్స్ ఇద్దరు ముగ్గురున్నారు, అడుగుతా. నన్ను మాత్రం అడగొద్దు, నీ కింద పనిచేసే ఓపిక నాకు లేదు.

మార్చాక స్లైడ్ మళ్ళీ పంపు. ఆ ఫోటో కూడా మార్చు, కాలర్ ఒక పక్క లోపలికి మడతపడిపోయింది, అందరిలో నువ్వొక్కడివే అలా ఉన్నావు.

అమ్మ